పరుపు కింద కోచ్ సారు

మా కోచ్ సారుకు గుసగుసలాడటం చేతకాదు. జీవితమంతా మైదానం ఈ కొస నుంచి ఆ కొసకు అరిచిన గొంతు అది, తగ్గించమంటే ఎక్కడ తగ్గుతుంది? ఆయన గుసగుస మా రాయచోటి బస్టాండులో కండక్టరు మామూలు మాటంత ఉండేది. కువైట్‌లోకి ఇరాక్ సైన్యం వచ్చిన ఆ ఎండాకాలం మా భవనం గేటు పక్కనే సైనికులు ఇసుక బస్తాలు పేర్చుకుని కాపు కాసేవారు. పైన మూడో అంతస్తులో దాక్కున్న ఈ అమెరికా పెద్దమనిషి "ఇంకాస్త పప్పు" అని గుసగుసగా అడిగేవాడు. నా చేతిలో గరిటె జారేది.

నేను ఆయన ఇంట్లో వంటమనిషిని. రిగ్గైలోని ఆ భవనానికి మా ఆయన హారిస్. హారిస్ అంటే కాపలా ఒక్కటే కాదు, నీళ్ళు, లిఫ్టు, చెత్త, అద్దెకున్నవాళ్ళ తగాదాలు అన్నీ ఆయన నెత్తినే. మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం గానీ నాకు కోపమొస్తే తెలుగే వస్తుంది. కాబట్టి మా ఇంట్లో తెలుగే ఎక్కువ.

సార్ అంటే ఆయనకు నచ్చేది కాదు. "కోచ్ అను చాలు" అనేవాడు. వయసులో మా నాన్నంతటి మనిషిని ఉత్త కోచ్ అనడానికి నాకు నోరు రాలేదు. అందుకని ఆయనదీ కాదు నాదీ కాదని కోచ్ సారు అన్నాను. ఒకప్పుడు వాళ్ళ దేశంలో కాలేజీ జట్లకు ఫుట్‌బాల్ నేర్పినవాడు. ఇక్కడ మంగఫ్ వైపు ఒక కంపెనీ పిల్లల బడిలో ఆటలు చూసేవాడు. కంపెనీ క్వార్టర్లు వద్దని మా భవనంలో అద్దెకు దిగాడు. తలుపుకూ ఆయన తలకూ మధ్య వేలెడు సందు కూడా ఉండేది కాదు.

ఇరాక్ వాళ్ళు రాగానే అమెరికా, బ్రిటన్ వాళ్ళంతా వచ్చి పేర్లు ఇవ్వాలని రేడియోలో చెప్పారు. ఇచ్చినవాళ్ళను బస్సులెక్కించి ఇరాక్‌లోని ఫ్యాక్టరీల్లో, ఆనకట్టల దగ్గర కూర్చోబెడుతున్నారని వెంటనే తెలిసిపోయింది. మనుషులుంటే బాంబులు వేయరని వాళ్ళ లెక్క. కోచ్ సారు భార్య కూతురి కాన్పుకని అంతకు ముందే వాళ్ళ దేశం వెళ్ళింది. ఈయన ఒక్కడే. మా ఆయన ఆ పూటే తలుపు మీది పేరు పలక పీకేసి, గుమ్మం ముందు దుమ్ము చల్లి, మూడో అంతస్తు ఖాళీ అని సైనికులకు చెప్పేశాడు. నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగితే నేనూ అదే చెప్పేదాన్ననుకోండి, కానీ అడగాలి కదా!

ఖాళీ ఫ్లాటులో ఏసీ వేయకూడదు, లైటు వేయకూడదు, కుళాయి గట్టిగా తిప్పకూడదు. ఆయనకు మిగిలింది మాటలొక్కటే. నేను బియ్యం ఏరుతుంటే ఎదురుగా చాప మీద మోకాలు చాపుకుని కూర్చుని మొదలుపెట్టేవాడు. మేడ మీద రేకుల గదుల్లో నిజామాబాద్, జగిత్యాల వైపు కూలీలుండేవారు. వాళ్ళ కంపెనీ మూతపడింది, వీసా ఇచ్చి తెచ్చిన కఫీల్ ఎటో పారిపోయాడు, చేయడానికి పని లేదు. మధ్యాహ్నం సైనికులు కునికే వేళకు వాళ్ళూ చెప్పులు చేతబట్టుకుని దిగి వచ్చేవారు. వాళ్ళలో పెద్దవాణ్ణి మేస్త్రీ అనేవాళ్ళం. నేను నాకొచ్చిన వంటింటి ఇంగ్లీషుతో అర్థం చేసుకుని చెప్పేదాన్ని. అర్థం కానిచోట కల్పించేదాన్ని. ఆయనకెలాగూ తెలియదు.

వాళ్ళ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. బంతి గుండ్రంగా ఉండదు, పీచు తీసిన కొబ్బరికాయలా ఉంటుంది. దాన్ని కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి, మిగతా అంతా చంకలో పెట్టుకుని పరుగే. అడ్డమొచ్చినవాణ్ణి కిందపడేయడమే. ఇది అర్థం కావడానికి ఆయన నా స్టీలు పళ్ళెంలో ఒక పక్క శనగలు, ఒక పక్క కందిపప్పు పేర్చి ఒక్కో గింజనూ వేలితో తోసి చూపించాడు. మేస్త్రీ చాలాసేపు వంగి చూశాడు.

"గిది కబడ్డీ గాదు సారూ? కూత లేదు, గంతే ఫరక్."

నేను ఆ మాట చెప్పగానే కోచ్ సారు కబడ్డీ అంటే ఏమిటని అడిగాడు. ఇక చూడండి, ఎవడి మాటా ఎవడూ వినడు! ఆ హాల్లోనే సోఫాలు పక్కకు జరిపి, శబ్దం చేయకుండా, గుసగుసగా కూత పెడుతూ కబడ్డీ ఆడారు. కోచ్ సారు ఊపిరి బిగబట్టి "కబడి కబడి" అంటూ ఆ బరువుతో వస్తుంటే మేస్త్రీ మనుషులు నవ్వు ఆపుకోలేక దిండ్లు నోట్లో కుక్కుకున్నారు. ఆ సాయంత్రం నేను పళ్ళెంలోని రెండు జట్లనూ కలిపి వండేశాను.

ఆయన బతుకంతా నాకు అలా బియ్యం ఏరుతూ తెలిసింది. మొక్కజొన్న పండే ఊరు. తండ్రి పాలబండి తోలేవాడు. ఈయన చిన్నప్పుడే ఏనుగు పిల్లలా ఉండేవాడట, అందుకని ఆటలో ముందు వరసలో నిలబెట్టారు. కాలేజీలో ఉండగా కుడి మోకాలు తిరగబడింది. ఆట అక్కడితో ఖలాస్. ఆయన గదిలో కూర్చుని ఏడుస్తుంటే వాళ్ళ ముసలి కోచ్ వచ్చి మెడలో ఈల వేసి, రేపటి నుంచి నువ్వు అరవాలి అన్నాడట. ఆ రేపటి నుంచి అరిచాడు, అరిచాడు, అరుస్తూనే ఉన్నాడు. మొదట్లో జట్టు బట్టలు ఉతికాడు, మైదానంలో సున్నపు గీతలు గీశాడు. ఏళ్ళకేళ్ళు అలా చేశాక ఒక చిన్న కాలేజీ నమ్మి తన జట్టును చేతికిచ్చింది. ఆ ఏడు ఒక్క ఆటా గెలవలేదు. ఊరివాళ్ళు కోపంతో ఈయన ఇంటి ముందు "ఈ ఇల్లు అమ్మబడును" అని బోర్డు పాతి వెళ్ళారు.

"మరి అమ్మిన్రా సారూ?" అన్నాడు మేస్త్రీ కంగారుగా.

అమ్మలేదు. ఆ బోర్డు వెనకే ఉండి మరుసటేడు నుంచి గెలిచాడు. గెలిస్తే అక్కడ ఒక వింత ఆచారం, ఐసునీళ్ళ తొట్టి తెచ్చి కోచ్ నెత్తిన గుమ్మరిస్తారట. అది చెప్పినప్పుడు మేస్త్రీ మొహం పాలిపోయింది.

"అయ్యో, మా దిక్కు గొర్రె మీద నీళ్లు సల్లిన్రంటే ఎన్కనే కోసుడు సారూ!"

నేను దాన్ని ఇంగ్లీషు చేయగానే కోచ్ సారు వెనక్కి పడిపోయి నవ్వాడు. నేను దిండు తీసుకుని ఆ నోటి మీద అదిమాను. నవ్వంతా అయ్యాక కళ్ళు తుడుచుకుని, మీ మేస్త్రీ మా దేశంలో ఉంటే నాకు ముందే చెప్పేవాడు, అన్నాడు.

నిజంగానే కోశారు. గెలిచాడని పెద్ద కాలేజీ పిలిచింది. పెద్ద జీతం, పెద్ద ఇల్లు. ఆ ఏటి చివరి ఆటలో వాళ్ళ జట్టులో బాగా ఆడే పిల్లవాడి మోకాలికి దెబ్బ తగిలింది. కట్టు కట్టి మైదానంలోకి దింపమని పైవాళ్ళు అన్నారు, ఆ పిల్లవాడూ దింపమని బతిమాలాడు. ఈయన దింపలేదు. ఓడిపోయారు. తెల్లవారేసరికి ఈయన సామాను అట్టపెట్టెలో పెట్టి గుమ్మం బయట ఉంచారు. కోచ్ మెత్తబడ్డాడని పేరొచ్చింది, ఇంకే కాలేజీ పిలవలేదు. అలా తిరిగి తిరిగి కువైట్ వచ్చి పడ్డాడు.

"ఆ పిల్లోన్ని దింపింటే గెల్చేవాళ్ళా?" అని అడిగాను.

"గెలిచేవాళ్ళం," అన్నాడు.

"మరింకేం?"

"మోకాలు వాడిది కదా," అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

ఒకనాడు మాత్రం కొంప మునిగింది. ఏదో పాత ఆట చెబుతూ, తన జట్టువాడు బంతి పట్టుకుని గీత దాటబోయే చోటికి వచ్చేసరికి ఒళ్ళు మరిచి "గో! గో! గో!" అని అరిచేశాడు. కిటికీ అద్దాలు అదిరాయి. కింద సైనికులు తుపాకులందుకున్నారు. అంతలో మెట్ల కింద నుంచి మా ఆయన గొంతు, అదే అరుపు, "గో! గో! గో!" అంటూ చీపురు తీసుకుని చెత్తడబ్బా మీది పిల్లుల వెంట పడ్డాడు. సైనికులు పకపకా నవ్వి కూర్చున్నారు. అక్కడితో అయిపోలేదు. వాళ్ళకది వినోదమైపోయింది. రోజూ పొద్దున్నే "హారిస్, గో గో!" అనేవారు, మా ఆయన రోజూ పిల్లులను తరమాల్సి వచ్చేది. ఆ వీధి పిల్లులకు ఇరాక్ సైన్యం కంటే మా ఆయనంటేనే ఎక్కువ భయం పట్టుకుంది.

ఇలా నవ్వుకుంటూ ఉన్నాం గానీ నవ్వు వెనక ఉరి ఉంది. విదేశీయులను దాచినవాళ్ళను ఉరితీస్తామని వాళ్ళు చాటారు. మా ఆయనా నేనూ ఆ సంగతి కోచ్ సారుకు చెప్పకూడదనుకున్నాం. ఇంకోపక్క మనదేశం వాళ్ళ కోసం బస్సులు మొదలయ్యాయి. బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరిస్తే అక్కడి నుంచి విమానంలో బొంబాయి. రిగ్గైలో మనవాళ్ళు ఒక్కో గది ఖాళీ చేసి పోతున్నారు. మా ఆయన మాత్రం ఎవరడిగినా "మళ్ళా బస్సుకు పోతాం లే" అనేవాడు. మేస్త్రీ మనుషులూ అదే పాట. తిండి పెట్టే మనిషి పోతే పైనున్న మనిషి ఏమవుతాడో అందరికీ తెలుసు.

ఇక మా ఆయన తెలివి మాకే ఎదురు తిరిగింది. మూడో అంతస్తు ఖాళీ అని ఎంత బాగా నమ్మించాడంటే, సైనికుల అధికారి ఒకడు వచ్చి, ఖాళీగా ఉందిగా, శుభ్రం చేయించు, శుక్రవారం అయ్యాక నేను దిగుతాను అని చెప్పి పోయాడు! మా ఆయన పైకొచ్చి సోఫాలో కూలబడ్డాడు. ఇద్దరం తెలుగులో పోట్లాడుకుంటుంటే కోచ్ సారు మా మొహాలు చూసి, సంగతేమిటని మేస్త్రీని అడిగాడు. మేస్త్రీకి ఇంగ్లీషు రాదు. పాపం, మెడకు చెయ్యి చుట్టుకుని, నాలుక బయటపెట్టి, మా ఆయన వైపు వేలు చూపించాడు. అంతకంటే బాగా ఏ భాషలోనూ చెప్పలేరు.

కోచ్ సారు లేచాడు. బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాడు. కిందకు వెళ్ళి పట్టుబడతానన్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. తలుపు గడియ వేసి అడ్డం నిలబడ్డాను.

"కూచో! యాడికి పోతాండావ్? ఇన్నాళ్ళు దొంగలమాదిరి వండి పెడ్తాండేది నిన్ను వాళ్ళకు అప్పజెప్పడానికా? కింద ఆ గేటుకాడ నిన్ను పట్టుకుంటే ఇంట్లో ఎవరు పెట్నారని అడగరా? తాళం చెవులు మా ఆయన మొలకే ఉండాయి కదప్పా! పోతావంట, పెద్ద మొగోడు! కూచోమంటాంటే!"

ఒక్క ముక్క అర్థం కాకపోయినా కూర్చున్నాడు. తర్వాత నేను శాంతించి ఇంగ్లీషులో చెప్పాను. చివరి మాట విని చాలాసేపు మా ఆయన మొలకున్న తాళాల గుత్తినే చూశాడు. ఆ తర్వాత ఇక పట్టుబడతానని అనలేదు. నేను గెలిచాననుకున్నాను.

దారి చూపించింది భవనం యజమాని తల్లి. కువైట్ వాళ్ళలో చాలామంది వెళ్ళిపోయినా ఆ ముసలమ్మ కదల్లేదు, రెండు సందుల అవతల తన ఇంట్లోనే మనవళ్ళతో ఉంది. అమ్మా అన్నట్టు ఆమెను మామా అనేవాళ్ళం. ఆమె ఇంట్లో సైనికులు ఒకసారి వెతికి పోయారు, మళ్ళీ రారని నమ్మకం. "ఆ మనిషిని నా ఇంటికి తీసుకురండి, యల్లా, ఆలోచించకండి" అని కబురు పెట్టింది. రెండు సందులే. కానీ ఆ ఎత్తు, ఆ ఎర్రటి మొహం, ఆ కుంటి నడక, పట్టపగలు ఎలా దాటించడం? చీకటి పడ్డాక ఎవడు కదిలినా కాల్చేవారు.

అప్పుడు చూడాలి మా కోచ్ సారును. ఇన్నాళ్ళూ కథలు చెప్పిన మనిషి ఒక్కసారిగా పనిలో దిగాడు. పళ్ళెం తెప్పించాడు. ఆ రోజుల్లో రోడ్డంతా సామాన్లు మోసేవాళ్ళే. పోయేవాళ్ళు మోస్తున్నారు, దోచేవాళ్ళు మోస్తున్నారు, ఎవడూ ఎవణ్ణీ వింతగా చూడడు. మేస్త్రీ మనుషులు ముందు ఒక పెద్ద బీరువా ఎత్తుకుని హడావుడిగా అరుచుకుంటూ పోవాలి. సైనికులు ఆపితే దాన్నే ఆపుతారు, తెరిస్తే గిన్నెలుంటాయి. దాని వెనక కూలీల బట్టలేసుకుని, చేతులకు మసి పూసుకుని, పరుపు మడిచి నెత్తిన పెట్టుకుని ఒకడు పోతాడు. పరుపు రెండు వైపులా భుజాల దాకా జారి మొహం కప్పేస్తుంది. వాడే కోచ్ సారు. పళ్ళెంలో ఆయన పాత్రకు ఒక రాజ్మా గింజను పెట్టాను.

హాల్లో ఎన్నిసార్లు చేయించాడో! నేను మెట్ల మీద స్టీలు పళ్ళెం పడేస్తాను, ఆ చప్పుడే గుర్తు. చప్పుడు వినగానే అందరూ ఒక్కసారిగా కదలాలి. వెనక్కి చూడకూడదు, ఏం జరిగినా ఆగకూడదు. "ఏం జరిగినా?" అని అడిగాడు కోచ్ సారు. "ఏమైనా గానీ సారూ!" అన్నారు అందరూ గుండె మీద చెయ్యేసి.

ఆ మధ్యాహ్నం ఎండ నిప్పులు కురుస్తోంది. మా ఆయన గేటు దగ్గర సైనికులకు టీ పోస్తున్నాడు. కింద వసారాలో బీరువా భుజాలకెత్తుకుని మనుషులు సిద్ధం. వెనక పరుపు. నేను బిస్మిల్లా అని పళ్ళెం పడేశాను. ఖణేల్!

ఆ ఖణేల్ ఆగీ ఆగకముందే బీరువా మోస్తున్నవాళ్ళలో ఒకడు "హాఛ్" అని తుమ్మాడు.

ఒక్క తుమ్ము.

బయలుదేరేటప్పుడు ఒంటి తుమ్ము! ఎవడు కదులుతాడు? "తుమ్మిండు, ఆగుండ్రి" అన్నాడు మేస్త్రీ. అంతే, ఆ బీరువా మెల్లగా గోడ పక్కకు దిగింది. అందరూ మెట్ల మీద కూర్చున్నారు. నీళ్ళ సీసా చేతులు మారింది. నిజం చెప్పొద్దూ, పైన నేనూ అలవాటుగా మెట్టు మీద కూలబడ్డాను. ఊరుకాని ఊళ్ళో, ఉరి మెడ మీదున్నా, తుమ్ము తుమ్మే. కాస్త ఆగి లేచి కిందికొచ్చాను.

"సారు ఏడీ?" అన్నాను.

"మన ఎన్కనే ఉండె గదా అక్కా," అన్నాడు మేస్త్రీ, నీళ్ళు మింగుతూ.

అందరం గేటు వైపు చూశాం. రోడ్డు మీద ఎర్రటి ఎండలో ఒక పరుపు ఒంటరిగా నడుస్తూ పోతోంది.

ఆయనకు కనిపించేది తన కాళ్ళొక్కటే. చప్పుడు విన్నాడు, కదిలాడు. ఏం జరిగినా ఆగకూడదని నేర్పినవాడు ఆయనే కదా, ఎందుకాగుతాడు? ముందు బీరువా పోతోందని, చుట్టూ మనుషులున్నారని అనుకుంటూ దర్జాగా పోతున్నాడు. గేటు దగ్గర మా ఆయన అది చూస్తూ టీ పోస్తూనే ఉన్నాడు, కప్పు నిండి సాసరు నిండి సైనికుడి బూటు మీద కారుతోంది.

నేను పరుగెత్తాను. చెప్పు ఒకటి ఊడిపోయింది. సందు మలుపులో ఇంకో సైనికుడు నిలబడి ఉన్నాడు, మీసాలు కూడా సరిగా రాని వాడు. "ఓగఫ్!" అన్నాడు, ఆగమని. పరుపు ఆగింది. ఇంగ్లీషులో పిలవలేను, అరబ్బీలో ఏం చెప్పాలో తోచలేదు. భయమొచ్చినా నాకు కోపమే వస్తుంది, కోపమొస్తే తెలుగే వస్తుంది. వెళ్ళి ఆ పరుపు మీద నాలుగు బాదాను.

"ఏమిరా మొద్దోడా, ఒక్కడివే పోతాండావే, ఆడ నీకోసరం పెండ్లి భోజనాలు పెట్నారా? ఎనక మనుషులు వస్తాండారా లేదా చూడవా? కండ్లు యాడ పెట్టుకున్నావు? ఇంత ఒళ్ళు పెంచినావు, అరకాసు బుద్ధి లేకపాయె! నడువు, నిలబడి చూస్తాండావు!"

సైనికుడు నోరెళ్ళబెట్టాడు. ఎవరితను అన్నట్టు చెయ్యి తిప్పాడు. "జౌజీ" అన్నాను, నా మొగుడని. అరబ్బీలో వెంటనే నోటికొచ్చిన మాట అదే, ఏం చేయను? వాడు పగలబడి నవ్వాడు. పరుపు మీద జాలిగా తట్టి ఏదో ఓదార్పు మాట అన్నాడు. తర్వాత, ఇంత పెళ్ళాన్ని భరిస్తున్న మొగుడి మొహం ఎలా ఉంటుందో చూడాలని కాబోలు, మోకాళ్ళ మీద చేతులేసుకుని పరుపు కిందికి వంగబోయాడు.

సరిగ్గా అప్పుడు వెనక నుంచి ఒక గోల. బీరువా వస్తోంది! ఒంటి తుమ్ముకు విరుగుడు ఇంకో తుమ్మే కదా, మేస్త్రీ ఆ తుమ్మినవాడి ముక్కులో దారప్పోగు పెట్టి తిప్పి, రెండో తుమ్ము తుమ్మించాకే బయలుదేరాడట. ఆలస్యమైందని పరుగు లంకించుకున్నారు. ఆ బరువుతో మలుపు దగ్గర ఆగలేకపోయారు. బీరువా ఒరిగింది, తలుపు తెరుచుకుంది, గిన్నెలు, మూకుళ్ళు, గరిటెలు రోడ్డంతా దొర్లాయి. సైనికుడు అటు పరుగెత్తాడు. గేటు దగ్గరివాళ్ళూ పరుగెత్తారు, వాళ్ళ వెనక మా ఆయన టీ కెటిల్‌తో పరుగెత్తాడు. నేను పరుపు అంచు పట్టుకుని సందు తిప్పేశాను.

మామా ఇంటి వెనక తలుపు మూసుకున్నాక కూడా ఆ పరుపు వణుకుతూనే ఉంది. ఏడుస్తున్నాడేమో అనుకుని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. తీసి చూస్తే నవ్వు! మసి పూసిన చేతులతో పొట్ట పట్టుకుని, గోడకు జారబడి నవ్వుతున్నాడు. బీరువా ముందు రావాలి కదా అని అడిగాడు. తుమ్ము సంగతి చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. రెండో తుమ్ము దగ్గరికొచ్చేసరికి ఆయన నవ్వుకు మామా రేడియో గట్టిగా పెట్టాల్సి వచ్చింది. తన జన్మలో ఇంత గొప్ప ఆట చూడలేదన్నాడు. మామాకు అరబ్బీలో, నాకు తెలుగులో, ఆయనకు ఇంగ్లీషులో నవ్వొచ్చి ముగ్గురం ఆ వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాం.

ఆ తర్వాత నేను అన్నం తీసుకుని వెళ్ళినప్పుడల్లా ఆయనది ఒకటే ప్రశ్న. "మీ బస్సు ఎప్పుడు?" నాకు చిరాకొచ్చేది. మామా చూసుకుంటుంది, ఇక మీరు వెళ్ళండి అని తరిమినంత పని చేశాడు. వెళ్ళే ముందు రోజు చూడటానికి పోతే నా తల మీద ఆ పెద్ద చెయ్యి పెట్టి, ఆ గొంతుతోనే, వీలైనంత మెల్లగా, మంచి జట్టు అన్నాడు. బస్సు ఎన్ని గంటలకు, ఎక్కడి నుంచి, మేస్త్రీ మనుషులూ అదే బస్సులోనా అని గుచ్చి గుచ్చి అడిగాడు. అందరూ అదే బస్సులో అన్నాను.

బస్రా, బాగ్దాద్, జోర్డాన్ ఎడారిలో గుడారాలు, బొంబాయి, రైలు, రాయచోటి. ఆ చలికాలంలో ఇరాక్ పట్టుకున్న విదేశీయులందరినీ వదిలేస్తోందని రేడియోలో విన్నాను. మా కోచ్ సారును వాళ్ళు పట్టుకోనేలేదు కదా, ఇక ఈయన కూడా దర్జాగా బయటికొచ్చి ఇంటికి పోతాడని సంబరపడి వీధిలో అందరికీ చక్కెర పంచాను.

యుద్ధం అయ్యాక మా ఆయనా నేనూ మళ్ళీ కువైట్ వచ్చాం. అక్కడ ఉండటానికి కావలసిన ఇఖామా కాగితాల పని కాకముందే మామా ఇంటికి పరుగెత్తాను. అదే వంటింట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. కోచ్ సారు మీ ఇంట్లో చివరిదాకా బాగా తిన్నాడా అని అడిగాను.

"ఎక్కడి చివరిదాకా?" అంది మామా. "మీ బస్సు పోయిన మర్నాడే వెళ్ళాడు."

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పింది. మీ భవనంలో పట్టుబడితే నీ మొగుడికి ఉరి, నా ఇంట్లో పట్టుబడితే నా మనవళ్ళకు ఉరి. అందుకని ముందు ఆ భవనం దాటాడు, తర్వాత మీరు దేశం దాటేదాకా ఆగాడు. బస్సు వెళ్ళిందని మా డ్రైవరు చూసి వచ్చి చెప్పాక నీళ్ళు పోసుకుని, గడ్డం గీసుకుని, పొద్దున్నే వెనక తలుపు నుంచి వెళ్ళిపోయాడు. చాలా సందులు దాటి, ఎవరూ లేని ఒక ఇంటి మెట్ల మీద కూర్చున్నాడు. సైనికుల బండి వచ్చాక, మొదటి నుంచీ ఇక్కడే ఒంటరిగా దాక్కున్నానని చెప్పాడు. చలికాలం దాకా ఏదో ఫ్యాక్టరీలో పెట్టారట.

నాకు ముందు కోపమే వచ్చింది. నాకొక్క మాట చెప్పలేదే! నేను వండి పెట్టిన మనిషి, నా మాట విని కూర్చున్నాడనుకున్న మనిషి! "చెబితే నువ్వు బస్సెక్కేదానివా?" అంది మామా. ఎక్కేదాన్ని కాదు. ఆయనకది తెలుసు. ఆ మాట తోచగానే ఏడుపు ఆగలేదు, మామా ముసుగు అంచు తడిసిపోయేదాకా ఏడ్చాను.

"టెలిఫోన్లు బాగుపడగానే తనే చేశాడు," అంది మామా నా వీపు నిమురుతూ. "ఎలా ఉన్నావని నేను అడిగేలోపే, వాళ్ళ బస్సు చేరిందా అని అడిగాడు. నాకేం తెలుసు? అయినా చేరిందనే చెప్పాను."

నా మొహంలోకి చూసింది. "అందరూ చేరారు కదా?"

"చేరాం మామా," అన్నాను.